మొదటి కారుకి వీడ్కోలు, ఆన్‌లైన్‌లో అమ్మకం: తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి కారు అమ్మేవాళ్ళకి రెండు పనులుంటాయి. ఒకటి మనసుకి సర్దిచెప్పుకోవడం, రెండోది ఆర్సీ మీద మన పేరు తీయించుకోవడం. చాలామంది మొదటిదానితోనే అలిసిపోయి రెండోదాన్ని కొన్నవాళ్ళ దయకి వదిలేస్తారు. తర్వాత వచ్చే తలనొప్పులన్నీ అక్కడివే. అందుకని ఇక్కడ కాగితాల గురించి కాస్త ఎక్కువే రాశాను. ఇవన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంతానికి వాడుకునే కార్ల సంగతులు. మాది 2009 మోడల్ మారుతీ 800, కాబట్టి ఉదాహరణలు దాని చుట్టూనే తిరుగుతాయి.

నడపకపోయినా ఇంటి ముందు ఉంచుకుంటే తప్పేంటి?

నీడ, వారానికోసారి నడిపే ఓపిక రెండూ ఉంటే తప్పేం లేదు. అవి లేకపోతే బండి కళ్ళముందే పాడవుతుంది. ముందు బ్యాటరీ దిగిపోతుంది. ఒకేచోట బరువు మోసి మోసి టైర్లు అణిగిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి, ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది. ఎలుకలు బానెట్‌లో కాపురం పెట్టి వైరింగ్ కొరికాయంటే ఆ రిపేరు ఖర్చు పాత బండి ధరనే మించిపోవచ్చు. పైగా రోడ్డు పక్కన ఆపి ఉంచినా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాల్సిందే. ప్రేమ పేరుతో కవరు కింద కుళ్ళబెట్టడం కంటే రోజూ నడుపుకునేవాళ్ళకి ఇవ్వడమే నయం అని నా అభిప్రాయం.

ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవట్లేదు. ఏం చేయాలి?

ప్రకటన పెట్టకముందే చెప్పండి, పెట్టాక కాదు. బండి మీద ఎక్కువ మమకారం నడిపేవాళ్ళకే ఉంటుందనుకుంటాం కానీ, మా ఇంట్లో 800 అమ్మొద్దని పట్టుబట్టింది ఎప్పుడూ ముందు సీట్లో కూర్చునే మా అమ్మ. నాకు క్లచ్ నొప్పి తెలుసు, ఆవిడకి ఆ సీటు తెలుసు. ఇలాంటి గొడవ ఇంట్లో తేలకుండా కొనేవాళ్ళని పిలిస్తే బేరం కుదిరే సమయానికి లోపల్నుంచి ఎవరో వచ్చి "మేం అమ్మట్లేదండీ" అంటారు. వచ్చినవాళ్ళ పెట్రోలూ దండగ, మన పరువూ దండగ.

పదిహేనేళ్ళు దాటిన బండి అమ్మొచ్చా? తుక్కుకి వేయాల్సిందేనంటున్నారు.

అమ్మొచ్చు. పెట్రోలు బండికి పదిహేనేళ్ళు, డీజిలు బండికి పదేళ్ళు అనే గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్ళకి ఉంటుంది. ఆ తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండిని చూసి సరేనంటే ఐదేళ్ళ చొప్పున రెన్యువల్ చేస్తారు. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్ళు దాటిన కార్ల రెన్యువల్ ఫీజుని 5,000 రూపాయలు చేశారు, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. గడువు తీరిన ఆర్సీతో అమ్మకానికి పెడితే కొనేవాళ్ళు ఆ ఖర్చుకి రెండింతలు తగ్గించి అడుగుతారు, పేరు మార్పు కూడా ఆగిపోతుంది. కాబట్టి ముందు రెన్యువల్, తర్వాతే ప్రకటన.

మరి ఏ బండిని తుక్కుకివ్వాలి?

అడుగున తుప్పు తినేసి జాకీ పెట్టే చోట రేకు చేత్తో నొక్కితే లోపలికి పోతుంటే దాన్ని ఇంకొకరి కుటుంబానికి అంటగట్టకండి. ప్రభుత్వం గుర్తింపు ఇచ్చిన స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. కొత్త బండి కొనేటప్పుడు అది చూపిస్తే రాష్ట్రం ఇచ్చే వాహన పన్ను రాయితీ దక్కుతుంది. కేంద్రం నిబంధనల ప్రకారం సొంత బండ్లకి అది 25 శాతం వరకు ఉండొచ్చు. పాత సామాన్ల షాపులో తూకానికి మాత్రం వేయకండి. బండి ముక్కలైపోయినా ఆర్సీ మీ పేరున బతికే ఉంటుంది, ఆ ఛాసిస్ నంబరు ఏ దొంగబండి మీద తేలుతుందో చెప్పలేం.

ఆన్‌లైన్‌లో ఎక్కడ పెడితే మంచిది?

రెండు దారులున్నాయి. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ లాంటి చోట్ల మనమే ప్రకటన పెట్టి నేరుగా వాడుకునేవాళ్ళకి అమ్మొచ్చు. రేటు బాగా వస్తుంది, ఫోన్ల మోత కూడా అంతే బాగా ఉంటుంది. రెండోది కార్స్24, స్పిన్నీ, మారుతీ ట్రూ వాల్యూ లాంటి సంస్థలకి ఇవ్వడం. రేటు తగ్గుతుంది, పని త్వరగా తెములుతుంది. కొత్త బండికి ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయడమూ ఈ రెండో దారే. అక్కడ ఎక్స్‌ఛేంజ్ బోనస్‌ని, పాత బండికి కట్టిన రేటుని విడివిడిగా చెప్పమనండి. రెండూ కలిపి చెప్తే ఏది ఎంతో అర్థం కాదు.

బండి బాగా పాతదైతే నా ఓటు నేరు అమ్మకానికే. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. హైదరాబాద్‌తో సహా పదమూడు నగరాల్లో 2010లోనే అమ్మకం ఆపేశారు. అలాంటి బండిని పెద్ద సంస్థలు తీసుకుని ఏం చేసుకుంటాయి? దానికి కావలసినవాళ్ళు వేరే ఉన్నారు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు, బైకు మీద నలుగురు పట్టక ఇబ్బంది పడుతున్నవాళ్ళు, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఏ సామాను ఎక్కడ దొరుకుతుందో తెలిసిన మెకానిక్కులు.

ధర ఎంత పెట్టాలి?

మీ మోడల్, అదే సంవత్సరం, అదే ఊరు పెట్టి వెతికి ప్రకటనలన్నీ చూడండి. అవి అడిగే రేట్లు, అమ్ముడుపోయిన రేట్లు కావు. నెల దాటినా అలాగే పడి ఉన్న ప్రకటన అంటే ఆ రేటుకి ఎవరూ కొనట్లేదని. తర్వాత ఒకటి రెండు సంస్థల దగ్గర కొటేషన్ తీసుకోండి. అది మీ కనిష్ఠ ధర. ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది అసలు రేటు. పైన కాస్త బేరానికి వదలండి. మనవాళ్ళకి ఒక్క రూపాయైనా తగ్గించందే కొన్నట్టుండదు.

ఇన్సూరెన్స్ కాగితం మీది ఐడీవీ, అంటే కంపెనీ బండికి కట్టిన విలువ, చూపించి "ఇంత విలువుందండీ" అంటే కొనేవాళ్ళు నవ్వుతారు. అది ఇన్సూరెన్స్ వాళ్ళ తరుగుదల లెక్క. ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్ళు దాటితే 30, అలా నాలుగేళ్ళు దాటితే 50 శాతం దాకా తీసేస్తారు, ఐదేళ్ళు దాటాక ఇరువైపులా ఒప్పుకున్నంత. బజారు దాన్ని పట్టించుకోదు. అది చూసేది ఎంతమంది ఓనర్లు మారారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, టైర్లు, ఆర్సీ గడువు ఇంకెంత ఉంది. మన దగ్గర నంబరు కూడా. టోటల్ తొమ్మిది వస్తే అదొక ఆకర్షణ, ఎనిమిదొస్తే కొందరు గేటు దగ్గర్నుంచే వెనక్కి పోతారు.

మొన్ననే వేయించిన సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, పిల్లాడు పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన బండి అన్న సంగతి, ఇవేవీ రేటులో కలవవు.

ఏ నెలలో అమ్మితే మంచిది?

ఆషాఢంలో ఫోన్లే తక్కువ వస్తాయి, వచ్చినవాళ్ళూ శ్రావణం రానివ్వండి అంటారు. శ్రావణం నుంచి దసరా వరకు కొనేవాళ్ళు బాగా తిరుగుతుంటారు. దసరా, దీపావళికి కొత్త బండ్లు కొన్నవాళ్ళ ఎక్స్‌ఛేంజ్ బండ్లన్నీ ఒక్కసారే బజార్లోకి వచ్చి పడతాయి, అప్పుడు రేటు మెత్తబడుతుంది. జనవరి వస్తే మీ బండి కాగితం మీద ఒక ఏడాది ముసలిదవుతుంది, అదీ గుర్తుంచుకోండి.

అమ్మేముందు రిపేర్లు చేయించాలా?

సెల్ఫ్ పట్టకపోవడం, హారన్, లైట్లు, వైపర్లు, బ్రేకులు చేయించండి. లోపల వాసన పోయేలా శుభ్రం చేయించండి. బాడీ మొత్తం టింకరింగ్, పెయింటింగ్ చేయించకండి. కొత్త రంగు చూడగానే "ఎక్కడ గుద్దారండీ?" అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. మా బండికి ఎడమ వెనక డోరు మీదున్న సొట్టని అలాగే ఉంచేశాం. దాని వల్ల తగ్గిన రేటు, బాగుచేయించే ఖర్చు కంటే తక్కువే. మీటరు తిప్పించడం గురించి అడిగేవాళ్ళూ ఉన్నారు. అది మోసం, సర్వీసు రికార్డులో దొరికిపోతుంది.

ఫోటోలు ఎలా తీయాలి?

పొద్దున్నే లేదా సాయంత్రం ఎండ పల్చబడ్డాక, బండి కడిగి ఆరిన తర్వాత. తడి బండి ఫోటో పెడితే గీతలు దాచారనుకుంటారు. ముందు మూల నుంచి ఒకటి, వెనక మూల నుంచి ఒకటి, రెండు పక్కలు. తర్వాత అసలైనవి: ఇగ్నిషన్ ఆన్ చేసి మీటరు, బానెట్ ఎత్తి ఇంజను, డిక్కీలో కార్పెట్ తీసి స్టెపినీ, జాకీ. టైరు అరుగుదల కనపడేలా దగ్గర్నుంచి ఒకటి.

పాత బండి అయితే డ్రైవరు కాళ్ళ దగ్గర మ్యాటు ఎత్తి నేల ఫోటో కూడా పెట్టండి. తెలిసినవాళ్ళు మొదట అక్కడే చూస్తారు. వానలో బూట్లతో వచ్చిన నీళ్ళు మ్యాటు కింద చేరి రేకు తినేది అక్కడే. తర్వాత బ్యాటరీ కింది ట్రే, దాని చుట్టూ తెల్లగా పొంగిన ఉప్పు, దాని కింద ఎర్రటి తుప్పు. అవి బాగుంటే ఆ రెండు ఫోటోలే మీ బండిని అమ్మిపెడతాయి. బాగాలేకపోయినా పెట్టండి, ఊరికే వచ్చి పోయేవాళ్ళు తగ్గుతారు.

నంబరు ప్లేటు కొంత మూయండి. ఆర్సీ, ఆధార్ ఫోటోలు ప్రకటనలో పెట్టొద్దు. ఇంటి నంబరున్న గేటు వెనకాల కనపడకుండా చూసుకోండి.

ప్రకటనలో ఏం రాయాలి?

"షోరూమ్ కండిషన్, ఇంజను సూపర్, అర్జెంట్ సేల్" అనే మూడు మాటలు మానేయండి. వాటిని ఎవరూ నమ్మరు, మూడోది చూసి రేటు సగానికి అడుగుతారు. మేం పెట్టింది దాదాపు ఇలా ఉంది:

"మారుతీ 800 ఏసీ, 2009, పెట్రోలు, మొదటి ఓనరు. రంగారెడ్డి జిల్లా రిజిస్ట్రేషన్, రెన్యువల్ అయింది, 2029 వరకు ఉంది. ఏసీ పనిచేస్తుంది, మిట్టమధ్యాహ్నం చల్లబడటానికి టైం పడుతుంది. ఎడమ వెనక డోరుకి సొట్ట ఉంది, ఫోటో చూడండి. ముందు బంపరుకి రంగు వేయించాం. ముందు టైర్లు కొత్తవి, వెనకవి అరిగాయి. రెండు తాళాలూ ఉన్నాయి. లోను లేదు, చలాన్లు లేవు. పేరు మార్పుకి ఇద్దరం కలిసి అర్జీ పెడదాం. ఆదివారం ఉదయం చూడొచ్చు."

పేరు మార్పు గురించిన ఆ వాక్యం చదివి కొంతమంది ఫోనే చేయరు. వాళ్ళు చేయకపోవడమే మంచిది.

ఫోన్ ఎత్తగానే "లాస్ట్ ఎంత?" అంటారు. ఏం చెప్పాలి?

"బండి చూశాక మాట్లాడుకుందాం అన్నా" అనండి, అంతే. చూడకుండా తగ్గించిన రేటు వచ్చాక మళ్ళీ తగ్గుతుంది. రోజంతా "ఉందా?" అని మెసేజ్ పెట్టి మాయమయ్యేవాళ్ళ గురించి టెన్షన్ పడకండి, అందరికీ అంతే. ఈ పని కోసం వేరే సిమ్ ఉంటే ఇంకా మంచిది, బండి అమ్ముడుపోయిన నెల తర్వాత కూడా ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ఆర్మీ ఆఫీసరునంటూ ఒకాయన బేరం కూడా ఆడకుండా ఒప్పుకున్నాడు. నమ్మొచ్చా?

వద్దు. ఇది ఏళ్ళ తరబడి నడుస్తున్న మోసం. యూనిఫాంలో ఉన్న ప్రొఫైల్ ఫోటో, ఐడీ కార్డు కాపీ, "నాకు వేరే చోటికి పోస్టింగ్ అయింది, మా ట్రాన్స్‌పోర్టు వాళ్ళు వచ్చి బండి తీసుకెళ్తారు" అనే కథ. నమ్మకం కోసం ముందు ఒక రూపాయో పది రూపాయలో పంపుతారు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. "ఇది స్కాన్ చేసి పిన్ కొడితే అడ్వాన్స్ మీ ఖాతాలో పడుతుంది" అంటారు. కొట్టగానే మన డబ్బు పోతుంది. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టే పనే లేదు. పిన్ అడిగిందంటే మన ఖాతా నుంచే పోతోందని అర్థం. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఉంటుంది.

నిజమైన కొనుగోలుదారుడు బండి చూడకుండా ఒప్పుకోడు. ఇంకో మెకానిక్‌ని వెంటేసుకుని వచ్చి, బానెట్ ఎత్తి, పెదవి విరిచి, రేటు తగ్గించమంటాడు. అలాంటివాడే మనకి కావలసింది.

చూడటానికి వచ్చినవాళ్ళకి నడపనివ్వాలా?

ఇవ్వాలి, మీరు పక్క సీట్లో కూర్చుని. ముందు లైసెన్సు చూసి ఫోటో తీసుకోండి. ఇన్సూరెన్స్ గడువులో ఉండాలి. పగలే, పదిమంది తిరిగే చోట. డ్రైవరు సీటు మారేటప్పుడు ఇంజను ఆపి తాళం మీ చేతిలో ఉంచుకోండి. మీరు దిగి చుట్టూ తిరిగి వచ్చేలోపు బండితో ఉడాయించిన కేసులున్నాయి.

టోకెన్ అడ్వాన్స్ తీసుకోవచ్చా?

తీసుకోండి, తెల్లకాగితం మీద రాసుకుని. మొత్తం రేటెంత, అడ్వాన్స్ ఎంత, మిగతాది ఏ తేదీలోపు, వెనక్కి పోతే అడ్వాన్స్ సంగతేంటి. ఈ చివరి మాట రాయకపోతే స్నేహంగా మొదలైన బేరం పంచాయితీ అవుతుంది.

మిగతా డబ్బు ఎలా తీసుకోవాలి?

బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అన్నింటికంటే మంచిది. డబ్బు పడిందో లేదో మీ బ్యాంకు యాప్‌లో చూడండి, వాళ్ళు చూపించే స్క్రీన్‌షాట్‌లో కాదు, మెసేజ్‌లో కాదు. నగదు అయితే 2 లక్షలు, ఆపైన తీసుకోకూడదు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పుచ్చుకున్నవాళ్ళ మీదే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. చెక్కు ఇస్తే అది పాసయ్యేదాకా తాళం ఇవ్వొద్దు, బంధువులైనా సరే.

ఏ కాగితాలు కావాలి?

ఫారం 29, బండి అమ్మానని మీరు ఇచ్చే సమాచారం. ఫారం 30, తన పేరు మీదకి మార్చమని కొన్నవాళ్ళు పెట్టుకునే అర్జీ, దాని మీదా మీ సంతకం ఉంటుంది. వాటితోపాటు ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇద్దరి గుర్తింపు, చిరునామా కాగితాలు. ఒకే రాష్ట్రంలో అమ్మితే మీరు 14 రోజుల్లోపు, కొన్నవాళ్ళు 30 రోజుల్లోపు రవాణా శాఖకి తెలియజేయాలి. అర్జీ ఆన్‌లైన్‌లో మొదలవుతుంది కాబట్టి ఆర్సీ రికార్డులో, ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు ఇప్పటికీ మీ చేతిలోనే ఉందో లేదో చూసుకోండి. పాత నంబరు ఉంటే ఓటీపీ దగ్గరే పని ఆగిపోతుంది.

ఆధార్, పాన్ కాపీల మీద "ఫలానా నంబరు బండి పేరు మార్పుకి మాత్రమే" అని అడ్డంగా రాసి సంతకం పెట్టండి.

వీటితోపాటు డెలివరీ నోట్ ఒకటి రాసుకోవాలి. బండి నంబరు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, తేదీ, ముఖ్యంగా టైము. "ఇకనుంచి చలాన్లు, ప్రమాదాలు, కేసులు కొన్నవారి బాధ్యత, బండిని ఉన్నది ఉన్నట్టుగా చూసి తీసుకున్నాను" అని రాసి వాళ్ళ సంతకం తీసుకోండి. సాయంత్రం ఐదుకి తాళం ఇచ్చారనుకోండి, ఆరింటికి సిగ్నల్ జంప్ చలాన్ మీ పేరున వస్తే ఆ కాగితమే మీకు ఆధారం.

ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?

ఈ పేజీలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి. కార్ కన్సల్టెన్సీల్లో ఇది రివాజు. ఫారం 29, 30 మీద మీ సంతకం తీసుకుని, కొన్నవాళ్ళ పేరు దగ్గర ఖాళీగా వదిలేస్తారు. కన్సల్టెన్సీ పేరు మీదకి మార్పిస్తే ఆర్సీలో ఒక ఓనరు పెరుగుతాడు, రేటు పడుతుంది. అందుకని అసలు కస్టమరు దొరికేదాకా బండి మీ పేరు మీదే ఉంటుంది. ఆ కస్టమరూ బద్ధకిస్తే ఇంకా ఉంటుంది. మీరేమో బండి అమ్మేశాననుకుని కొత్తదానికి కిస్తీలు కట్టుకుంటూ ఉంటారు. ఈలోపు ఆ బండి ఎక్కడో ఎవరినో గుద్దితే?

ఇలాంటి కేసులో 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఓనరు వాళ్ళే, ప్రమాద బాధితులకి పరిహారం విషయంలో బాధ్యత వాళ్ళదే. ఇన్సూరెన్స్ లేని బండి అయితే ఆ భారం ఎంతో ఊహించుకోండి.

డీలరుకి అమ్మాలనుకుంటే రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉందా అని అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, అలాంటి డీలరుకి బండి ఇచ్చినప్పుడు ఫారం 29సీ ద్వారా రవాణా శాఖకి తెలియజేయాలి. ఆ తర్వాత బండి వాళ్ళ దగ్గర ఉన్నంతకాలం బాధ్యత వాళ్ళది. ఆ రసీదు చేతికి రానిదే కదలకండి. అలాంటి సర్టిఫికెట్ లేదు, "మేం చూసుకుంటాం సార్, పదేళ్ళుగా ఇదే వ్యాపారం" అంటే నేరుగా వాడుకునేవాళ్ళకే అమ్ముకోండి. రేటు రెండు వేలు తక్కువైనా పర్లేదు.

బండి మీద లోను ఉంది.

ముందు తీర్చాలి. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు, తీయించాలి. కిస్తీలు ఎప్పుడో అయిపోయినా ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉండిపోయిన బండ్లు బోలెడు. మీ ఆర్సీ ఒకసారి తీసి చూడండి. ఎన్‌ఓసీకి గడువుంటుంది, బీరువాలో పడున్న పాతది పనికిరాకపోవచ్చు.

హైదరాబాద్ బండిని విజయవాడ వాళ్ళకి అమ్మితే?

రాష్ట్రం మారుతోంది కాబట్టి ఫారం 28తో రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి. "నంబరు ఏపీ అనే ఉంది కదా, ఎన్‌ఓసీ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. 2014కి ముందు అందరివీ ఏపీ నంబర్లే. తర్వాతి అంకె చూడాలి. ఏపీ 09 హైదరాబాద్, ఏపీ 28, 29 రంగారెడ్డి, ఏపీ 36 వరంగల్. ఇవి తెలంగాణ రికార్డులో ఉంటాయి. ఏపీ 16 కృష్ణా, ఏపీ 07 గుంటూరు, ఏపీ 31 విశాఖ, ఇవి ఆంధ్ర రికార్డులో. వేరే రాష్ట్రానికి వెళ్ళే బండికి అక్కడ బండి వయసుని బట్టి మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాల్సి రావచ్చు. అది ఎవరు కట్టాలో బేరంలోనే తేల్చుకోండి.

బండి నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన లేరు.

నేరుగా అమ్మలేరు. ముందు ఫారం 31తో వారసుల పేరు మీదకి మార్పించాలి. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. చనిపోయిన 30 రోజుల్లోపు తెలియజేస్తే మూడు నెలలపాటు ఆ బండి వాడుకోవచ్చని నిబంధన, ఆలోపు పేరు మార్పుకి అర్జీ పెట్టాలి. ఆ దుఃఖంలో ఇదెవరికి గుర్తుంటుంది? ఆలస్యమైనా ముందు ఈ పనే చేయండి. ఆయన సంతకం మీరే పెట్టి అమ్మేయమని సలహా ఇచ్చే బ్రోకర్లుంటారు, అది ఫోర్జరీ.

ఇన్సూరెన్స్ సంగతేంటి? నో క్లెయిమ్ బోనస్ పోతుందా?

పాలసీ బండితో వెళ్తుంది, కొన్నవాళ్ళు 14 రోజుల్లోపు తమ పేరు మీదకి మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మాత్రం బండిది కాదు, మీది. వరసగా ఐదేళ్ళు క్లెయిమ్ చేయకపోతే 50 శాతం దాకా వస్తుంది. అమ్మాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి ఆ బోనస్ సర్టిఫికెట్ (ఎన్‌సీబీ) తీసుకోండి. మూడేళ్ళలోపు కొన్న కొత్త బండికి వాడుకోవచ్చు. కొత్త బండి ప్రీమియంలో ఇది చిన్న మొత్తమేం కాదు, అడగనివాళ్ళే ఎక్కువ.

ఫాస్టాగ్?

బండి ఇచ్చే రోజే బ్యాంకుకి చెప్పి మూసేయండి, అద్దం మీద స్టిక్కరు గీకేయండి. లేకపోతే వాళ్ళు పంతంగి టోల్ దాటినప్పుడల్లా మీ ఫోన్ మోగుతుంది.

అమ్మిన డబ్బు మీద పన్ను, జీఎస్టీ కట్టాలా?

సొంతానికి వాడుకున్న కారు అమ్మితే జీఎస్టీ లేదు. 18 శాతం అని వార్తల్లో వచ్చింది పాత కార్ల వ్యాపారం చేసే రిజిస్టర్డ్ డీలర్ల లాభం మీద. సొంత కారు వ్యక్తిగత వస్తువు కిందకి వస్తుంది కాబట్టి క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మిన లాభం) పన్ను కూడా లేదు. వ్యాపారం లెక్కల్లో తరుగుదల చూపించినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు ఆడిటరుని అడగాలి.

శుక్రవారం బండి ఇవ్వకూడదంటారు, నిజమేనా?

లక్ష్మిని శుక్రవారం బయటికి పంపకూడదని మా ఇంట్లోనూ అంటారు. మంగళవారం, అమావాస్య కొనేవాళ్ళు రారు. వాదన పెట్టుకోకండి, ఆదివారం ఇచ్చేయండి. ఆ రోజు ఆర్టీఏ ఆఫీసు ఉండదు కాబట్టి అర్జీ మాత్రం ముందే పెట్టేయండి.

ఇచ్చేముందు బండిలోంచి ఏమేం తీసేయాలి?

డాష్‌బోర్డు మీద వినాయకుణ్ణి జాగ్రత్తగా తీయండి. పాత గమ్ము గట్టిగా పట్టేసి ఉంటుంది, హెయిర్ డ్రయ్యరుతో వేడి చేస్తే ప్లాస్టిక్ ఊడకుండా వస్తుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్ స్టిక్కరు, గేటు రిమోటు, మ్యూజిక్ సిస్టమ్‌లో బ్లూటూత్‌కి కలిసిన ఫోన్లు, కాంటాక్టులు తీసేయండి. గ్లవ్ బాక్సులో పాత బిల్లులుంటాయి, వాటి మీద మీ ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఉంటాయి.

సీట్లు ముందుకి జరిపి పట్టాల మధ్య టార్చి వేసి చూడండి. మా బండిలో పావలా బిళ్ళలు, హెయిర్ పిన్నులు, ఒక చెవి పోగు, రంగు వెలిసిన అలిపిరి టోల్ రసీదు దొరికాయి. పోగు ఎవరిదన్నది ఇంకా తేలలేదు, ఇంట్లో ముగ్గురు నాదంటే నాదంటున్నారు.

బాధగా ఉంది. మామూలేనా? వీడ్కోలు ఎలా చెప్పాలి?

మామూలే. మొదటి కారంటే మన సంపాదన మొదటిసారి కంటికి కనపడిన రూపం, అద్దె ఇళ్ళు మారినా అది మారలేదు. ముందు రోజు ఇంట్లో అందర్నీ ఎక్కించుకుని ఎప్పుడూ వెళ్ళే దారిలోనే ఒక చుట్టు తిరిగి రండి. షోరూములో తాళం తీసుకున్న రోజు ఫోటో ఉంటే, అదే వరసలో నిలబడి ఇంకోటి తీసుకోండి. పిల్లలు అడిగితే హారన్ రికార్డు చేసి ఇవ్వండి. మా 800 హారన్ మా ఇంట్లో ఇప్పుడొకరి ఫోన్ రింగ్‌టోన్. కీచైన్, మొదటి సర్వీసు బిల్లు దాచుకోవచ్చు. తాళాలు రెండూ, నంబరు ప్లేట్లు మాత్రం బండితోనే వెళ్ళాలి.

ఇదంతా కొనేవాళ్ళు రాకముందే కానివ్వండి. వాళ్ళెదురుగా బండిని నిమురుతూ కళ్ళు తుడుచుకుంటే రెండు నష్టాలు. బేరం ఇంకా తేలకపోతే రేటు మీద పట్టు పోతుంది. తేలిపోతే వాళ్ళ పండగ చెడుతుంది. అది వాళ్ళకీ మొదటి కారే కావచ్చు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టుకుని, కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ బొట్టు పెట్టుకోవడానికి వాళ్ళు సంచీ తెచ్చుకుని ఉంటారు. చోటిచ్చి పక్కకి నిలబడండి.

పేరు మారిందో లేదో ఎలా తెలుస్తుంది?

రవాణా శాఖ వెబ్‌సైట్‌లో లేదా ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి. మీ పేరే కనపడుతుంటే కొన్నవాళ్ళకి ఫోన్ చేయండి. నెల దాటినా మారకపోతే డెలివరీ నోట్, ఫారం 29 కాపీలతో ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. మారిన రోజు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఈ-చలాన్ వెబ్‌సైట్ కూడా ఒకసారి చూసి, మీరు నడిపిన రోజులవేమైనా మిగిలి ఉంటే కట్టేయండి.

కొన్నాయన నెల తర్వాత ఫోన్ చేసి ఏదో పాడైందంటే డబ్బులివ్వాలా?

తెలిసి దాచిన లోపం కాకపోతే ఇవ్వక్కర్లేదు. డెలివరీ నోట్‌లో ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నానని సంతకం పెట్టారు. అయితే ఫోన్ ఎత్తకుండా తప్పించుకోకండి. ఆ బండి గుట్టు మీకే బాగా తెలుసు. పొద్దున చోక్ లాగితే తప్ప స్టార్టవ్వని పాత బండ్లున్నాయి, వానలో ఒక్కసారి డిస్ట్రిబ్యూటర్ కప్పు తుడిస్తే చాలు లేచే బండ్లున్నాయి. అలాంటివి చెప్పండి, మీ మెకానిక్ నంబరు ఇవ్వండి. మా దగ్గర కొన్నాయన ఇప్పటికీ అప్పుడప్పుడు చేస్తుంటారు, మొన్న అడిగింది వెనక డోరు లాక్ గురించి. దాన్ని కాస్త పైకెత్తి వేయాలి.